మీకు తెలుసా? జవాను పార్సెల్‌కు ఎన్ని గండాలో!

సైనికుల కోసం తల్లులు పంపిన కేకుల్ని ఎలుకలు తినేశాయి! అవును, నిజం! ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరం. 1945 ఫిబ్రవరి, రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అమెరికా సైనికులకు ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలు, పార్సెళ్లు పెద్ద పెద్ద షెడ్లలో కప్పు తాకేలా పేరుకుపోయాయి. కొన్ని వచ్చి రెండేళ్లయింది! పెట్టెల్లో కేకులు, బిస్కెట్లు పాడైపోయాయి. ఆ వాసనకు ఎలుకలు చేరాయి. మొత్తం ఎన్ని పోగుపడ్డాయో ఊహించండి. దాదాపు 1 కోటి 70 లక్షలు!

ఆ కొండను కరిగించింది ఎవరో తెలుసా? 855 మంది మహిళలు! దాదాపు అందరూ నల్లజాతి అమెరికన్లే. దళం పేరు 6888వ సెంట్రల్ పోస్టల్ డైరెక్టరీ బెటాలియన్. నాయకురాలు మేజర్ చారిటీ ఆడమ్స్. బయట యుద్ధం, లోపల చలి. శత్రు విమానాలకు కనపడకుండా కిటికీలకు నల్లరంగు పూశారు. పగలూ రాత్రీ తేడా లేదు. మూడు షిఫ్టుల్లో పని. ఒక్క క్షణం కూడా పని ఆగలేదు!

ఇక చిక్కు చూడండి! రాబర్ట్ స్మిత్ అనే పేరుతో పార్సెల్ వచ్చింది. ఏ రాబర్ట్ స్మిత్‌కి ఇవ్వాలి? సైన్యంలో ఆ పేరున్నవాళ్లు ఒక్కరు కాదు, ఇద్దరు కాదు. 7,500 మంది! మన ఊళ్లో ఒకే వీధిలో నలుగురు వెంకటేశ్వర్లు ఉంటేనే పోస్ట్‌మ్యాన్ తికమకపడతాడు. ఇక్కడ ఏడున్నర వేలమంది! సైనికుడి నంబరు ఒక్కటే దారి. అది చూసే అసలు మనిషిని పట్టుకున్నారు.

ఇంకా వినండి! కొన్ని కవర్ల మీద ఇంటిపేరే లేదు. 'జూనియర్, అమెరికా సైన్యం' అని రాసి పంపేశారు. అంతే చిరునామా! ఇంట్లో పిలిచే ముద్దుపేరు సైన్యానికి ఎలా తెలుస్తుంది? ఆ మహిళలు మాత్రం వదల్లేదు. సైనికుల వివరాలతో కార్డులు తయారు చేసుకున్నారు. ఎన్ని కార్డులో తెలుసా? దాదాపు 70 లక్షలు! ఒక్కో కార్డూ తిరగేసి మనిషిని వెతికారు.

ఒక్క షిఫ్టులో ఎన్ని ఉత్తరాలు, పార్సెళ్లు దాటించారనుకుంటున్నారు? దాదాపు 65,000! పైవాళ్లు ఇచ్చిన గడువు ఆరు నెలలు. వీళ్లు మూడే నెలల్లో ముగించేశారు! ఉత్తరం రాకపోతే సైనికుడి మనసు కుంగుతుందని వాళ్లకు తెలుసు. అందుకే అంత పట్టుదల. ఇంత పని చేసినవాళ్లకు అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం ప్రకటించింది ఎప్పుడు? 2022లో! దాదాపు 77 ఏళ్ల తర్వాత! ఈ ఆలస్యం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. అప్పటికి వాళ్లలో చాలామంది బతికే లేరు.

ఉత్తరాల బరువు ఓడల్ని ఎంత ఇబ్బంది పెట్టిందో తెలుసా? బాంబులకు, మందులకు చోటు చాలలేదు. అప్పుడు అమెరికా ఒక కిటుకు పట్టింది. 1942లో 'వి-మెయిల్' వచ్చింది. ఉత్తరాన్ని చిన్న ఫిల్ము మీద ఫొటో తీస్తారు. ఆ ఫిల్మే విమానం ఎక్కుతుంది. అక్కడ మళ్లీ కాగితం మీద అచ్చు వేసి ఇస్తారు. లక్షా 50 వేల ఉత్తరాలకు మామూలుగా 37 సంచులు కావాలి. ఇలా చేస్తే ఒక్క సంచి చాలు! 1,168 కిలోల బరువు 20 కిలోలకు దిగింది!

మరి ఆ ఫిల్ము యంత్రాన్ని ఆపేసింది ఏమిటి? లిప్‌స్టిక్! నిజంగా లిప్‌స్టిక్కే! ప్రియురాళ్లు ఉత్తరం చివర పెదవుల ముద్ర వేసి పంపేవారు. ఆ రంగు యంత్రానికి అంటుకునేది. వెనకాల వచ్చే ఉత్తరాలన్నీ మసకబారేవి. ఒకరి ముద్దు, ఎందరికో తిప్పలు! యుద్ధం ముగిసేలోపు ఆ పద్ధతిలో రెండు వైపులా కలిపి 100 కోట్లకు పైగా ఉత్తరాలు నడిచాయి. ఎన్ని యంత్రాలు తుడుచుకోవలసి వచ్చిందో!

అమెరికా సైనికుడికి ఏడాదికి ఒక్క క్రిస్మస్ పెట్టె మాత్రమే అనే నియమం ఎప్పుడైనా విన్నారా? మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో పెట్టారు! పార్సెళ్లు ఓడల్ని ముంచెత్తాయి మరి. సైనికుడికి ఒకే ఒక్క లేబుల్ ఇచ్చారు. అది ఇంటికి పంపాలి. ఆ లేబుల్ ఉంటేనే పెట్టె కదులుతుంది. పెట్టె కూడా రెడ్‌క్రాస్ ఇచ్చిందే. పొడవు 9 అంగుళాలు, వెడల్పు 4, ఎత్తు 3. అంతే! అమ్మకు పంపాలా, భార్యకు పంపాలా, ప్రియురాలికా? ఆ ఒక్క లేబుల్ చేతిలో పట్టుకుని ఆ కుర్రవాడు ఎంత ఆలోచించి ఉంటాడో!

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకో నియమం! కొడుకుకి పార్సెల్ పంపాలంటే పోస్టాఫీసులో రుజువు చూపాలి. ఏం రుజువు? 'నాకు ఫలానా వస్తువు పంపండి' అని కొడుకు స్వయంగా రాసిన ఉత్తరం! అడగకుండా పంపే వీలు లేదు. క్రిస్మస్‌కు మాత్రం సడలింపు. అది కూడా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 లోపే. ఎండాకాలం పూర్తిగా పోకముందే క్రిస్మస్ కేకు కాల్చాలన్నమాట! బరువు 5 పౌండ్లు దాటకూడదు. అంటే మన లెక్కలో రెండుంపావు కిలోలు!

లండన్ నడిబొడ్డున ఒక పార్కులోనే పోస్టాఫీసు వెలిసింది, తెలుసా? మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. రీజెంట్స్ పార్కులో చెక్కతో ఒక షెడ్డు కట్టారు. ప్రపంచంలోనే అతి పెద్ద చెక్క కట్టడమని అప్పట్లో చెప్పుకున్నారు. ఎంత పెద్దదంటే, 5 ఎకరాలు! యుద్ధం ముగిసేలోపు అక్కడి నుంచి 200 కోట్ల ఉత్తరాలు, 11 కోట్ల 40 లక్షల పార్సెళ్లు వెళ్లాయి. పనిచేసిన 2,500 మందిలో ఎక్కువమంది ఆడవాళ్లే!

ఇంట్లో రాసిన ఉత్తరం ఫ్రాన్సులోని కందకంలో ఉన్న బ్రిటిష్ సైనికుడికి ఎన్నాళ్లకు చేరేదో చెప్పండి. వారం? పది రోజులు? కాదు. సగటున 2 రోజులు! నూరేళ్ల కిందట! గుండ్లు పేలుతున్న చోటికి! రాత్రిపూట భోజనం బండితో పాటే ఉత్తరాల సంచీ వెళ్లేది. వేడి అన్నానికి ఎంత విలువో, ఉత్తరానికీ అంతే విలువ.

కానీ పార్సెల్ చేరేసరికి తీసుకునే మనిషే లేకపోతే? 1914 నుంచి 1918 దాకా ఇలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కే లేదు. ఉత్తరమైతే వెనక్కి పంపేవారు. తినుబండారాలు మాత్రం వెనక్కి పోయేవి కావు. చనిపోయినవాడి తోటివాళ్లు పంచుకుని తినేవారు. అమ్మ పంపిన కేకు వృథా కాకూడదని! ఆ తల్లికి కొడుకు నేస్తాలు కృతజ్ఞతగా ఉత్తరం రాసిన సందర్భాలూ ఉన్నాయి. ఇది తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

జర్మనీ లెక్క వింటే ఆశ్చర్యపోతారు! మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ల సైనిక తపాలా అటూ ఇటూ మోసిన ఉత్తరాలు, పార్సెళ్లు 2,870 కోట్లు! చదివింది సరే, మళ్లీ చదవండి. కోట్లే!

ఇప్పుడు అసలైన గుట్టు! లండన్‌లోని పేరున్న దుకాణాలు సైనికుల కోసం ఒక కానుక పెట్టె అమ్మాయి. అందులో ఏముందో తెలుసా? కొకైన్, మార్ఫిన్, సూది! 'యుద్ధంలో ఉన్న మీ స్నేహితుడికి పంపండి' అన్నట్టు ప్రకటనలు కూడా వేశారు. కొనేవాళ్లూ కొన్నారు. నొప్పి తగ్గుతుందని, మంచి చేస్తున్నామనే అనుకున్నారు! 1916లో కోర్టు జరిమానా వేసింది. అదే ఏడు ప్రభుత్వం కట్టుదిట్టమైన ఆంక్షలు తెచ్చింది.

1914 క్రిస్మస్‌కు బ్రిటన్ యువరాణి మేరీ పేరుతో సైనికులకు ఇత్తడి కానుక డబ్బాలు వెళ్లాయి. అప్పుడామె వయసు 17! పండగనాటికే 4 లక్షలకు పైగా డబ్బాలు చేరాయి. వాటిలో మనవాళ్లకు ఏం పెట్టారో తెలుసా? ఫ్రాన్సులో పోరాడుతున్న భారత సైనికులు చాలామంది ఉన్నారు. సిక్కులు పొగ తాగరు. అందుకని వాళ్ల డబ్బాలో సిగరెట్లకు బదులు పటికబెల్లం, మసాలా దినుసులు! ఎవరి ఆచారం ఏమిటో కనుక్కుని మరీ సర్దారు. పొరపాట్ల కథల మధ్య ఈ ఒక్క జాగ్రత్త ఎంత ముచ్చటగా ఉందో!

ఆ డబ్బాలకే ఒక పెద్ద గండం వచ్చింది! ఇంకా డబ్బాలు చేయాలి. ఇత్తడి లేదు. అమెరికా నుంచి తెప్పించారు. ఎంత? 45 టన్నులు! ఏ ఓడలో? లూసిటానియాలో! 1915 మే నెలలో జర్మనీ జలాంతర్గామి ఆ ఓడను ముంచేసింది. దాదాపు 1,200 మంది ప్రాణాలు పోయాయి. సైనికుల కానుక డబ్బాల ఇత్తడి కూడా సముద్రం అడుగున పడిపోయింది!

ఆస్ట్రేలియన్లకు ఇంకో విచిత్రం! 1915 క్రిస్మస్‌కు టర్కీలోని గల్లిపోలిలో పోరాడుతున్న తమ సైనికుల కోసం రేకు కేన్లలో కానుకలు సర్దారు. కొన్నిటి మీద ఒక బొమ్మ. కంగారూ ఒకటి టర్కీ సైనికుణ్ని గల్లిపోలి నుంచి తన్ని తరిమేస్తోంది! ఇంతలో ఏమైంది? డిసెంబరు 20కల్లా ఆస్ట్రేలియన్లే అక్కడి నుంచి ఖాళీ చేసి వచ్చేశారు! గెలుపు బొమ్మ ఉన్న కేన్లు వెనుదిరిగిన సైనికుల చేతికి చేరాయి. పాపం, ఆ బొమ్మ చూసి వాళ్ల మనసు ఎలా ఉండి ఉంటుంది!

చాక్లెట్ ప్రాణం కాపాడుతుందా? కాపాడింది! 1900లో విక్టోరియా మహారాణి దక్షిణాఫ్రికాలో పోరాడుతున్న తన సైనికులకు రేకు డబ్బాల్లో చాక్లెట్ పంపింది. లక్షకు పైగా డబ్బాలు! ఒక సైనికుడు తన డబ్బాను సంచిలో పెట్టుకున్నాడు. తూటా వచ్చి ఆ డబ్బాకు తగిలింది. మనిషి బతికాడు!

అవే చాక్లెట్లు కొందరు తినకుండా దాచుకున్నారు. ఎన్నాళ్లు దాచారో తెలుసా? 2021లో ఇంగ్లండులోని ఆక్స్‌బరో హాల్ అనే పాత భవనంలో అటకమీద ఒక శిరస్త్రాణం పెట్టె దొరికింది. తెరిచి చూస్తే మహారాణి చాక్లెట్! వయసు 121 ఏళ్లు! ముక్కలు ఇంకా గుర్తుపట్టేలానే ఉన్నాయి.

ఫిరంగితో పార్సెల్ పంపడం ఎక్కడైనా చూశారా? 1899 డిసెంబరు 25. దక్షిణాఫ్రికాలోని లేడీస్మిత్ పట్టణం. లోపల బ్రిటిష్ సైనికులు. చుట్టూ బోయర్లు (అక్కడి డచ్ సంతతివాళ్లు) ముట్టడించారు. ఉన్నట్టుండి ఒక గుండు వచ్చి పడింది. పేలలేదు! విప్పి చూశారు. లోపల క్రిస్మస్ పుడ్డింగు! పైన పండగ శుభాకాంక్షలు! పంపింది శత్రువే! ఆ ఒక్కరోజు పుడ్డింగు. తర్వాత మళ్లీ గుండ్లే.

సారా ఎక్కడెక్కడ దాచారో వింటారా? అమెరికా అంతర్యుద్ధంలో ఇళ్ల నుంచి వచ్చే పెట్టెల్ని అధికారులు తెరిచి వెతికేవారు. విస్కీ దొరికితే తీసేసుకునేవారు. ఆ యుద్ధంలో పోరాడిన జాన్ బిల్లింగ్స్ 1887లో అచ్చయిన పుస్తకంలో ఆ ఎత్తులన్నీ రాశాడు. చక్కగా కాల్చిన టర్కీ కోడి కడుపులో సీసా దాచి పంపిన ఘనులు కూడా ఉన్నారు!

ఆ తెలివి తర్వాత కూడా పోలేదు! 1990లో సౌదీ అరేబియా వెళ్లిన అమెరికా సైనికులకు 'జనరల్ ఆర్డర్ 1' అనే ఆజ్ఞ వచ్చింది. మద్యం నిషేధం! ఆ తర్వాత ఇరాక్‌లో, అఫ్గానిస్థాన్‌లోనూ అదే నిషేధం. అప్పుడు ఏం చేశారు? నోరు పుక్కిలించే మందు సీసాల్లో మద్యం పోసి, దానికి తగ్గ రంగు కలిపి పంపారు! దొరికితే సైనికుడికే శిక్ష. పంపినవాళ్ల ముచ్చటకు పాపం అతను జవాబు చెప్పుకోవాలి!

పోస్టును నమ్మకుండా తానే బయల్దేరిన మనిషి ఉన్నాడు తెలుసా? పేరు జాన్ డోనహ్యూ. అందరూ 'చిక్' అంటారు. న్యూయార్క్ వాసి. వయసు 26. వియత్నాంలో ఉన్న స్నేహితులకు బీరు ఇవ్వాలని 1967లో ఓడెక్కాడు! ప్రయాణం రెండు నెలలు. దారిలో తెచ్చిన బీరంతా తనే తాగేశాడు! అక్కడ దిగాక మళ్లీ సంపాదించి స్నేహితులకు అందించాడు. ఇంతలో అక్కడ భీకర దాడులు మొదలయ్యాయి. తిరిగి రావడానికి నానా పాట్లు పడ్డాడు! ఆ కథ మీద 2022లో సినిమా కూడా వచ్చింది.

ఎడారికి చాక్లెట్ పంపితే ఏమవుతుంది? డబ్బాలో ముద్ద! ఉత్తరాలు, సాక్సులు అన్నీ చాక్లెట్ మయం! అందుకే 1990లో గల్ఫ్ సైనికుల కోసం హెర్షీ కంపెనీ ప్రత్యేకంగా 'డెజర్ట్ బార్' చేసింది. ఎంత వేడికి తట్టుకుంటుందో తెలుసా? 60 డిగ్రీల సెల్సియస్! మన రెంటచింతల, రామగుండం ఎండలు కూడా దాన్ని ఏమీ చేయలేవు!

పిల్లలు పుట్టినరోజు పార్టీల్లో చిమ్మే నురగ దారం స్ప్రే చూశారుగా? అది ఇరాక్‌లో ప్రాణాలు కాపాడింది! చీకటి గదిలోకి ఆ దారం చిమ్ముతారు. కింద పడితే సరే. గాల్లో వేలాడిందా, అక్కడ బాంబు తీగ ఉన్నట్టే! న్యూజెర్సీలో ఒక సైనికుడి తల్లికి ఈ సంగతి తెలిసింది. ఊరంతా కదిలింది. 80,000 డబ్బాలు పోగయ్యాయి! కానీ గండం వచ్చిపడింది. ఒత్తిడితో నింపిన స్ప్రే డబ్బాల్ని మామూలు పోస్టులో పంపకూడదు. ప్రమాదకర సరుకు! నెలల తరబడి అన్నీ అలాగే ఉండిపోయాయి. చివరికి 2007లో కదిలాయి!

పేరు రాయకుండా 'ఎవరైనా సైనికుడికి' అని పార్సెల్ పంపవచ్చా? ఒకప్పుడు అమెరికాలో పంపేవారు! ఇంటి నుంచి ఏమీ రానివాళ్లకు అవి పండగే. 2001లో ఆంత్రాక్స్ పొడి నింపిన కవర్లు కొందరి ప్రాణాలు తీశాయి. అదే ఏడు అక్టోబరు 30న ఆ పద్ధతి ఆపేశారు. ఎవరో కొందరి దుర్మార్గం. నష్టపోయింది ఇంటి నుంచి ఒక్క ఉత్తరం కూడా రాని సైనికులు!

బ్రిటన్‌లో ప్రేమ ఎక్కువై చిక్కొచ్చింది! అఫ్గానిస్థాన్‌లోని సైనికులకు జనం ముక్కూ మొహం తెలియకపోయినా పార్సెళ్లు పంపారు. కుప్పలు తెప్పలుగా! హెలికాప్టర్లలో చోటు నిండిపోయింది. సొంత భార్యాబిడ్డలు పంపిన పెట్టెలు వెనకబడ్డాయి! దయచేసి పంపకండి అని రక్షణ శాఖే వేడుకోవలసి వచ్చింది. కుటుంబాలకు మాత్రం 2 కిలోల దాకా పోస్టు ఉచితం!

2003లో ఇరాక్ యుద్ధానికి వెళ్లిన అమెరికా సైనికుల తపాలా బరువు ఎంతో తెలుసా? దాదాపు 2 కోట్ల 95 లక్షల కిలోలు! తర్వాత ప్రభుత్వ తనిఖీ సంస్థ 127 మంది సైనికుల్ని అడిగింది. దాదాపు సగం మంది నాలుగు వారాలకు పైగా ఎదురుచూశారు. ఇంకా ఘోరం ఏమిటంటే, పంపారని తెలిసి కూడా తమకు ఏదో ఒకటి చేరనే లేదని చెప్పినవాళ్లు 80 శాతం!

ఒక్క మాట ఎక్కువ రాస్తే పార్సెల్ దారి తప్పుతుంది, తెలుసా? అమెరికా సైనిక చిరునామాలో ఊరి పేరు, దేశం పేరు రాయకూడదు! యూరప్, పశ్చిమాసియా వైపు వెళ్లేవాటికి 09తో మొదలయ్యే నంబరు ఉంటుంది. అది చాలు. సాయం చేద్దామని కింద 'ఇరాక్' అని రాశారనుకోండి. పార్సెల్ సైనిక తపాలా వదిలేసి ఆ దేశం మామూలు పోస్టులోకి పోయే ప్రమాదం ఉంది!

సబ్బు, బిస్కెట్లు ఒకే పెట్టెలో పెట్టకండి! మూడు వారాల ప్రయాణంలో బిస్కెట్లన్నీ సబ్బు రుచికి వస్తాయి. సైనిక కుటుంబాలకు ఇది అనుభవంతో తెలిసిన పాఠం. బొమ్మల్లో, షేవింగ్ మిషన్లలో బ్యాటరీలు ఉంచకండి. దారిలో స్విచ్ పడిందంటే పెట్టె గుర్రుమంటుంది. బాంబేమో అని పోస్టాఫీసు ఖాళీ అవుతుంది!

1960ల్లో వియత్నాంకు బిస్కెట్లు పంపిన అమెరికా తల్లులు పెట్టెలో ఖాళీని దేనితో నింపేవారు? పాప్‌కార్న్‌తో! బిస్కెట్లు విరగకుండా కాపు. విరిగితే పాప్‌కార్న్ తినవచ్చు!

జర్మనీలో బందీలుగా ఉన్న బ్రిటిష్ సైనికులకు లండన్ నుంచి రొట్టె పంపితే ఏమయ్యేది? చేరేసరికి బూజు! 1915 నాటి సంగతి ఇది. అప్పుడు స్విట్జర్లండులోని బెర్న్ నగరంలోనే రొట్టెలు కాల్పించి పంపడం మొదలుపెట్టారు. రెండో యుద్ధంలో ఇంకో తిప్పలు! రెడ్‌క్రాస్ పంపిన డబ్బాలకు కాపలావాళ్లు చిల్లులు పొడిచేవారు. బందీలు వాటిని దాచుకుని పారిపోతారని భయం! ఆ యుద్ధంలో బ్రిటిష్ రెడ్‌క్రాస్ పంపిన పార్సెళ్లు 2 కోట్లు!

ఇప్పుడు చెప్పబోయేది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది! కలకత్తా నుంచి 1940 డిసెంబరులో ఒక ఓడ బయల్దేరింది. పేరు గేర్‌సొప్పా. మన కర్ణాటకలోని జోగ్ జలపాతం దగ్గరి ఊరి పేరే! భారతదేశంలో ఉన్న బ్రిటిష్ సైనికులు ఇళ్లకు రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. 1941 ఫిబ్రవరి 16న ఐర్లండ్ దగ్గర జర్మనీ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. ఓడలో ఉన్నవాళ్లలో బతికి బయటపడింది ఒకే ఒక్కడు!

ఓడ ఎంత లోతున పడిందో తెలుసా? 4,700 మీటర్లు! టైటానిక్ కన్నా లోతు! 2012లో ఆ ఓడలోని వెండి కోసం దిగిన బృందానికి ఉత్తరాల సంచులు దొరికాయి. 700కు పైగా ఉత్తరాలు! వెలుతురు లేదు, గాలి లేదు. అందుకే కాగితం కుళ్లలేదు. 70 ఏళ్లు నీళ్లలో ఉండి కూడా అక్షరాలు చదవడానికి వచ్చాయి! 2018లో లండన్ తపాలా మ్యూజియంలో వాటిని ప్రదర్శనకు పెట్టారు. అమ్మకు రాసిన ఉత్తరం, ప్రియురాలికి రాసిన ఉత్తరం. అందుకోవలసినవాళ్లు అందుకోలేదు. లోకమంతా చదివింది!

ఇక మన జవాన్ల సంగతి! 56 ఏపీఓ ఎక్కడుందో చెప్పండి. ఏ రాష్ట్రం? ఏ జిల్లా? ఎంత వెతికినా దొరకదు. ఆ పేరుతో ఊరే లేదు! అది సైనిక తపాలాకు పెట్టిన గుర్తు. 56 అంటే పార్సెల్ ఢిల్లీలోని సైనిక తపాలా కేంద్రానికి, 99 అంటే కోల్‌కతా కేంద్రానికి చేరుతుంది. దళం ఎక్కడుందో వాళ్లకే తెలుసు. దళం రాత్రికి రాత్రి కదిలినా మీ చిరునామా మారదు. పార్సెలే వెతుక్కుంటూ వెళ్తుంది!

మన పిన్‌కోడ్ ఎందుకు 5తో మొదలవుతుందో మీకు తెలుసు. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మండలం అది. మరి 9? ఆ అంకెకు భూమే లేదు! అది సైన్యానిదే! 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చినప్పుడు తొమ్మిది మండలాలు పెట్టారు. ఎనిమిది దేశానికి, తొమ్మిదోది జవాన్లకు! ఆ పద్ధతి రూపొందించిన శ్రీరామ్ భికాజీ వెలంకర్ సంస్కృత కవి కూడా!

మన సైన్యంతో పాటు పోస్టాఫీసు మొదటిసారి ఎప్పుడు యుద్ధానికి వెళ్లింది? 1856లో, పర్షియాకు! ఇప్పటికీ సైనిక తపాలా విభాగంలో పనిచేసేవాళ్లలో దాదాపు 75 శాతం మామూలు తపాలా శాఖ నుంచి వచ్చినవాళ్లే. నిన్న మన ఊళ్లో స్టాంపులు అమ్మిన మనిషి రేపు యూనిఫాం వేసుకుని సరిహద్దులో సంచీ విప్పుతాడు!

సియాచిన్‌కు గుడ్డు పంపితే? సుత్తితో కొట్టినా పగలదు! 2019లో అక్కడి జవాన్లు తీసిన వీడియో దేశమంతా చూసింది. పండ్లరసం డబ్బా ఇటుకలా గట్టిపడింది. టమాటా, ఉల్లిగడ్డ, బంగాళాదుంప, అన్నీ రాళ్లలా గడ్డకట్టాయి! ఆరు వేల మీటర్ల ఎత్తు దాటిన స్థావరాలకు హెలికాప్టరే దిక్కు. మంచు తుపాను పట్టిందంటే ఉత్తరాల సంచీ కింద ఆగిపోతుంది. వాతావరణం తెరిపి ఇస్తేనే పైకి!

మన మాధవరం గురించి విన్నారా? పశ్చిమ గోదావరి జిల్లా, తాడేపల్లిగూడెం దగ్గర. అందరూ 'మిలటరీ మాధవరం' అంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే వెయ్యిమందికి పైగా వెళ్లారు! ఇప్పటికీ ఆ ఊరి ఇళ్లలో సైనికులున్నారు. అరిసెలు, సున్నుండలు సర్దేటప్పుడు చేయి ఎంత జాగ్రత్తగా కదులుతుందో ఆ తల్లుల్ని అడగాలి!

మీవాడు కూడా సరిహద్దులో ఉన్నాడా? అయితే ఇది గుర్తుపెట్టుకోండి! ఆవకాయ పంపితే గాజు సీసా వద్దు. మూత బిగించి, 3 పొరల ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. నూనె ఒక్క చుక్క కారినా పక్కవాళ్ల ఉత్తరాలు కూడా పాడవుతాయి. పెట్టె మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాయండి. కింద 56 ఏపీఓ లేదా 99 ఏపీఓ, 9తో మొదలయ్యే 6 అంకెల పిన్‌కోడ్. ఊరి పేరు రాయకండి! అదే చిరునామాను ఇంకో కాగితం మీద రాసి పెట్టె లోపల కూడా ఉంచండి. పైకాగితం చిరిగిపోయినా లోపలిది చూసి మీవాడికి చేరుస్తారు. పండగకు ఇంకా నెల రోజులుందా? ఈరోజే పంపేయండి!